దిష్టి కుర్చీ

మా కాత్యాయని దగ్గరికి జనం "డాక్టరు గారూ" అంటూ వస్తారు. మందుల చీటీ రాయదని తెలియగానే "మేడమ్"లోకి దిగిపోతారు. క్లినికల్ సైకాలజిస్టు అంటే ఏమిటో ఇంత పెద్ద విశాఖపట్నంలో సగం మందికి తెలియదు. "మాత్ర ఇవ్వరు, సూది వెయ్యరు, ఉత్తినే మాట్లాడతారా? దానికి ఫీజు కూడానా?" అని ఒకాయన నా మొహం మీదే అడిగాడు. నేను ఆవిడ మొగుణ్ణి, ఆ క్లినిక్కులో ఇంజనీర్ని కూడా. పేరు వామనమూర్తి. ధైర్యం విషయంలో పేరుకు తగ్గవాణ్ణే.

సొంత క్లినిక్కు పెట్టకముందు కాత్యాయని ఆస్పత్రిలో ఏళ్ల తరబడి పనిచేసింది. ఎదుటి మనిషి చెప్పేది వినడం, పరీక్షలు పెట్టడం, వాళ్ల భయం దగ్గరికే వాళ్లని వేలు పట్టుకుని నడిపించడం. బల్లిని చూసి వణికేవాళ్లకి మొదట బల్లి బొమ్మ, తర్వాత సీసాలో బల్లి, ఆ తర్వాత గోడ మీద బల్లి. నెలలు పట్టేది. చాలామంది సీసా దాకా వచ్చి మానేసేవాళ్లు.

"వాళ్లు పిరికివాళ్లు కాదు మూర్తీ. మొయ్యలేకపోతున్నారు. ఆ బరువు ఎవరైనా ఒక్క పూట అందుకుంటే బాగుణ్ణు" అనేది ఇంటికొచ్చి.

పెళ్లాం మాట జవదాటని మొగుడు ఎంత ప్రమాదమో అప్పట్లో నాకు తెలియదు. నేను ఆ అందుకునే యంత్రం తయారుచేశాను.

రెండు కుర్చీలు, వీపుకి వీపు ఆనుకుని ఉంటాయి. ఒకదాంట్లో పేషెంటు, ఒకదాంట్లో కాత్యాయని. ఇద్దరి తలలకీ టోపీలు. పేషెంటు తన భయాన్ని తలుచుకుంటే మెదడులో ఎక్కడెక్కడ మంట రేగుతుందో మొదటి టోపీ చదువుతుంది. రెండోది సరిగ్గా అలాగే కాత్యాయని మెదడులో రేపుతుంది. ఇక్కడ రేగుతున్న కొద్దీ అక్కడ ఆరిపోతుంది. ఎందుకు ఆరుతుందో నాకు పూర్తిగా తెలియదని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఆరుతుందని మాత్రం కళ్లారా చూశాను.

దానికి నేను పెట్టిన సంస్కృతం పేరు నోరు తిరగదని వచ్చేవాళ్లందరూ "దిష్టి కుర్చీ" అన్నారు. అదే ఖాయమైపోయింది. మా అమ్మ ఒకసారి వచ్చి చూసి, "దిష్టి తీసింది నాలుగు రోడ్ల కూడలిలో పారేస్తారు కదరా, మీరెక్కడ పారేస్తున్నారు?" అని అడిగింది. నవ్వేసి ఊరుకున్నాం. మేం పారేసేది నా భార్యలో.

అందులో ఒక కిటుకుంది. బల్లి భయం కాత్యాయనిలోకి వస్తుంది, ఒక పూట ఉంటుంది, అక్కడ దానికి తిండి దొరకదు. ఆమెకి సహజంగా బల్లంటే భయం లేదు కాబట్టి అది దానంతటదే చచ్చిపోతుంది. ఆ ఒక్క పూటా మా ఇంట్లో తమాషాగా ఉండేది. వంటింట్లోకి వెళ్లకుండా సోఫా ఎక్కి కూర్చునేది. మా ఆరేళ్ల ధాత్రి చీపురు పట్టుకుని, "అమ్మా, నేను బల్లిని తరిమేశా, దిగు" అని భరోసా ఇచ్చేది. రాత్రి భోజనాల వేళకి అంతా సర్దుకునేది.

అందుకే ఒక నియమం పెట్టుకుంది. తనకు ఉన్న భయాన్ని మాత్రం అందుకోకూడదు, అందుకుంటే అది వేళ్లూనుకుంటుంది. లిఫ్టంటే భయమని ఎవరొచ్చినా చేతులు జోడించి పాత పద్ధతిలోకి పంపేసేది, ఎందుకంటే మా ఆవిడకీ లిఫ్టంటే హడలే. ప్రతిసారీ ముందు తను టోపీ పెట్టుకునేది, నేను పేషెంటు భయాన్ని ఒక వాక్యంగా పైకి చదివేవాణ్ణి. తెర మీద ఆమె భయాన్ని చూపించే గీత కదలకపోతేనే పని మొదలుపెట్టేవాళ్లం. వైద్యం చేసేవాళ్లు ముందు చేతులు కడుక్కున్నట్టు, అది ఆమెకు అలవాటు.

నూకరత్నం వచ్చింది వర్షాకాలం మొదట్లో. పాతికేళ్లుండవు. భర్త సింహాద్రి హార్బరులో చేపల పని చేస్తాడు. పిల్లాడిని అతనే ఎత్తుకుని తెచ్చాడు. ఆమె వాళ్లకి పది అడుగుల దూరంలో, చేతులు రెండూ చీర కొంగులో చుట్టుకుని నడిచింది.

"నా సేతుల మీద నాకు నమ్మకం లేదండి" అంది కూర్చోగానే. "పిల్లోడు పాలు తాగుతుంటే పీక మీదకి సెయ్యి ఎల్లిపోద్దేమో అనిపిస్తాది. ఇంట్లో కత్తిపీట పక్కింటోలకి ఇచ్చీసినాను. అయినా తగ్గలేదండి. ఆడు ఏడిస్తే నాను బయటికి పారిపోతన్నాను."

పిల్లాడు తల్లిపాలు లేక, డబ్బా పాలు ముట్టక ఎండిపోయి ఉన్నాడు. ఆస్పత్రిలో రాసిచ్చిన మందు వేసుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు, పాలల్లోకి దిగి పిల్లాడికేమైనా అవుతుందని భయం. సముద్రంలోకి నడిచిపోదామని రెండుసార్లు వెళ్లి వెనక్కొచ్చిందని సింహాద్రి చెప్పాడు.

కాత్యాయనికి ఇలాంటివాళ్లు కొత్త కాదు. కానుపయ్యాక కొందరు తల్లులకు ఇది వస్తుంది, దీనికి పుస్తకంలో పేరుంది. నాతో విడిగా అంది: "ఇలాంటి తల్లి పిల్లాడిని ఏమీ చెయ్యదు మూర్తీ. చేస్తానేమోనని వణికి చచ్చే మనిషి ఎలా చేస్తుంది? ఇది ఉత్త ఆలోచన, కింద పునాది లేదు. మామూలుగా అయితే మాటలతో, మందుతో బాగుచెయ్యొచ్చు. కానీ ఆ పిల్లాడు అన్నాళ్లు ఆగేలా లేడు."

టోపీ పెట్టుకుంది. నేను పైకి చదివాను: "నా బిడ్డని నేనే చంపేస్తానేమో." తెర మీద గీత కదల్లేదు. ధాత్రిని ఎప్పుడూ విసుక్కోవడం కూడా సరిగా రాని మనిషికి ఆ గీత ఎందుకు కదులుతుంది? నేను స్విచ్చి వేశాను.

నూకరత్నం మొదట గజగజ వణికింది, తర్వాత మెల్లగా భుజాలు జారవేసింది. కొంగులోంచి చేతులు బయటికి తీసి, వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. లేచి వెళ్లి పిల్లాడిని అందుకుని అక్కడే పాలిచ్చింది. సింహాద్రి గోడ వైపు తిరిగి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. కుర్చీలో కాత్యాయని మాత్రం చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఒక పూటేగా అనుకున్నాను.

ఆ పూట గడిచింది, అది పోలేదు.

మర్నాడు పొద్దున్న ధాత్రికి జడ వెయ్యమంటే, "నువ్వు వెయ్యి" అంది. నాకు జడ రాదు. రబ్బరు బ్యాండు పెట్టి పంపాను. సాయంత్రం వచ్చేసరికి వంటింట్లో చాకులు లేవు. కత్తెర లేదు. కూరగాయలు ఎలా తరగడం అంటే, పప్పు తిందాం అంది. మరో నాలుగు రోజులకి దిండ్లు కూడా తీసి బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నాకిచ్చింది.

"ఎక్కడ దాస్తావో నాకు చెప్పకు" అంది.

"నీకు తెలుసు కదే ఇదేమిటో? నువ్వే చెప్పావుగా, ఏమీ చెయ్యరని."

"తెలుసు. దీని పేరు తెలుసు, ఎందుకొస్తుందో తెలుసు, ఎలా పోతుందో తెలుసు. వచ్చినవాళ్లకి ఎన్నిసార్లు చెప్పానో! నాకే చెప్పుకుంటే ఒక్క ముక్క లోపలికి దిగడం లేదు మూర్తీ."

ధాత్రి బడి నుంచి వచ్చే వేళకి పడగ్గదిలోకి వెళ్లి తలుపు గడియ పెట్టుకునేది. పాప బయట కూర్చుని తలుపుకి ఆనుకుని హోమ్‌వర్కు చేసుకునేది. లోపల్నించి వాళ్లమ్మ ఎక్కాలు అప్పజెప్పించుకునేది. ఒకరోజు నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే వినిపించింది, "అమ్మా, నేనేం చేశానో చెప్తే ఇంకెప్పుడూ చెయ్యను" అని. లోపల్నించి వాళ్లమ్మ తర్వాతి ఎక్కం అడిగింది. నాకు ఆ ఇంట్లో నిలబడడానికే భయమేసింది.

యంత్రం ముందు కూర్చుని మొదట్నించీ ఆలోచిస్తే గానీ నాకు బుర్రకెక్కలేదు. మేం పరీక్ష సరిగ్గానే పెట్టాం, వాక్యమే తప్పు. "నేను చంపేస్తానేమో" అని చదివాం, ఎందుకంటే పుస్తకం ఆ జబ్బుని అలాగే చెప్పింది. "నా బిడ్డకి ఏమైనా అవుతుందేమో" అని చదివి ఉంటే కాత్యాయని గీత పైకప్పుని తాకేది. ఏ తల్లి గీతైనా తాకుతుంది. నూకరత్నంలో ఉన్నది కూడా అదే భయం, కాకపోతే దారి తప్పి తన చేతుల మీదకే తిరిగింది. జబ్బుకున్న పేరు చూసి, లోపలి సరుకు చూడలేదు. అది కాత్యాయనిలోకి రాగానే తోబుట్టువు కనిపించినట్టయింది, ఇక పోతుందా?

అప్పుడే ఇంకొకటి తట్టింది. ఇక్కడికి వచ్చింది మొత్తం అదే భయమైతే, అక్కడ నూకరత్నంలో ఏం మిగిలింది?

కబురు చెయ్యక్కర్లేకుండానే సింహాద్రి క్లినిక్కుకి వచ్చాడు. పిల్లాడిని భుజానికెత్తుకుని ఉన్నాడు. పిల్లాడి కుడి చేతికి కట్టు. వెనక నూకరత్నం, నూనె రాసి దువ్విన తల, పూలు, ప్రశాంతమైన మొహం.

"ఏటి సేసినారు బాబూ మా యావిడికి?" అన్నాడు. "పిల్లోడు పాక్కుంటా పొయ్యి కాడికి ఎల్లిపోనాడు. నిప్పుల్లో సెయ్యెట్టీసినాడు. ఇది పక్కనే కూకుని సూస్తంది. ఆడు గుక్కెట్టి ఏడిస్తే అప్పుడు తీసింది. నాను పన్లోకి ఎల్లడం మానీసినాను బాబూ. ఇల్లు ఇడిసి ఎల్లాలంటే కాళ్లు రావట్లేదు."

"ఆడు పాకతంటే ముద్దొచ్చిందండి" అంది నూకరత్నం. "పొయ్యి ఉన్నాదని తెలుసు. తెలుసు గాని, ఏటో, లెగాలనిపించలేదు." ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్లలో తప్పు చేసినట్టు కూడా లేదు. అంతకంటే భయంకరమైన మొహం నేను చూడలేదు, చూస్తే అది అందమైన మొహమే.

కాత్యాయని పిల్లాడి కట్టు వైపు చూడలేక గోడకి అంటుకుపోయింది. వాళ్లని బయట కూర్చోబెట్టి నా దగ్గరికి వచ్చింది.

"తిరిగి ఇచ్చెయ్యాలి. అది పుట్టింది ఆమెలోనే, అక్కడైతే నిలుస్తుంది" అంది.

"ఇవ్వడం కుదరదు." ఆమె తలకి టోపీ పెట్టి తెర చూపించాను. మొదట్లో రెండు గీతలుండేవి, ఆమెదొకటి, నూకరత్నం నుంచి వచ్చిందొకటి. ఇప్పుడు ఒక్కటే, లావుగా. "పాలల్లో నీళ్లు కలిశాయి. తీస్తే అన్నీ వస్తాయి. ధాత్రి గురించి నీకున్న భయం కూడా దాంతో పోతుంది."

"సగం తియ్యలేవా?"

"కుండ బోర్లిస్తే సగం ఆగుతుందా?"

ఆమె కూర్చుని ఆలోచించింది. నాకు అర్థమైపోయింది ఏం చెప్పబోతోందో. నాకు కోపమొచ్చింది. జీవితంలో మొదటిసారి మా ఆవిడ మీద గట్టిగా అరిచాను. "నీకు పేషెంటు ముందా, పాప ముందా? రేపు అది రోడ్డు మీదకి పరిగెడుతుంటే నువ్వు ముద్దొస్తోందని నిలబడి చూస్తావా?"

"ధాత్రికి నువ్వున్నావు" అంది. అరవలేదు. "నీ భయం ఒక్కటి చాలు ఇంటిల్లిపాదికీ. ఆ పిల్లాడికి ఎవరున్నారు? వాళ్ల నాన్న పనికి వెళ్లకపోతే తిండెలా? అయినా ఇప్పుడు మాత్రం నేను పాపకి ఏం పనికొస్తున్నాను మూర్తీ, తలుపు అవతల కూర్చుని?"

నూకరత్నాన్ని లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, స్విచ్చి వేశాను.

ఈసారి అటు నుంచి ఇటు కాదు, ఇటు నుంచి అటు. నూకరత్నం ఒక్కసారిగా కేక పెట్టింది. టోపీ లాగేసి బయటికి పరిగెత్తి, సింహాద్రి చేతుల్లోంచి పిల్లాడిని లాక్కుని, ఆ కాలిన చేతిని చూసుకుని గుండెలు బాదుకుంది. మళ్లీ అంతలోనే పిల్లాడిని అతనికిచ్చేసి దూరం జరిగి చేతులు కొంగులో చుట్టుకుంది. తన భయానికి తోడు ఇంకొక తల్లి భయం కూడా మోస్తోంది, పాపం. ఆమెకి ఇక పాత పద్ధతే. సింహాద్రి బతిమాలి మందుకి ఒప్పించాడు, ఆమె అత్తగారు వచ్చి పిల్లాడికి మెల్లగా డబ్బా పాలు అలవాటు చేసింది, కాత్యాయని మాటలతో ఒక్కో అడుగూ నడిపించింది. చాలాకాలం పట్టింది గానీ నూకరత్నం బాగుపడింది. పిల్లాడిని చంకనేసుకుని వచ్చి మాకు ఎండు చేపలు ఇచ్చి వెళ్లింది. అంత నెమ్మదైన దారే చివరికి ఇల్లు చేర్చింది, అది తలుచుకుంటే యంత్రాన్ని నేలకేసి కొట్టాలనిపిస్తుంది.

ఇక కాత్యాయని సంగతి. ఆ రోజు టోపీ తీసి హాయిగా ఒళ్లు విరుచుకుని, "ఆకలేస్తోంది, ఇంటికి పోదాం" అంది. ఇంటికెళ్లి ధాత్రిని ఒళ్లో కూర్చోబెట్టుకుని జడ వేసింది. పాప సంతోషం చూసి, ఏమో, మనం అనవసరంగా భయపడ్డామేమో అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత బీచి రోడ్డు దాటుతున్నాం. ధాత్రి చెయ్యి కాత్యాయని చేతిలో ఉంది. బస్సు వస్తోంది. పాప చెయ్యి విడిపించుకుని ఐస్‌క్రీమ్ బండి వైపు ఉరికింది. కాత్యాయని పక్కకి తిరిగి నాతో చెబుతున్న మాట పూర్తిచేసింది. నేను ఎలా దూకానో నాకు తెలియదు. డ్రైవరు తిట్టిన తిట్లు మాత్రం గుర్తున్నాయి. పాపని పట్టుకుని పేవ్‌మెంటు మీద కూలబడితే, మా ఆవిడ నింపాదిగా వచ్చి, "ఎందుకలా చెమటలు పట్టాయి నీకు?" అని అడిగింది. లిఫ్టు ఎక్కాలంటే ఇప్పటికీ నా చొక్కా పట్టుకుంటుంది. మిగిలిన భయాలన్నీ భద్రంగా ఉన్నాయి. ఈ ఒక్కటే లేదు.

ప్రేమ లేదనకండి. ధాత్రికి జ్వరమొస్తే పక్కనే కూర్చుంటుంది, కథలు చెబుతుంది, నవ్విస్తుంది. కానీ జ్వరం చూడాలని నేను చెబితేనే చూస్తుంది. తెలివైన మనిషి కాబట్టి తనకేం లేదో తనే పసిగట్టింది. ఇంకెవరికైనా వైద్యం చేస్తున్నట్టే తనకీ ఒక పద్ధతి పెట్టుకుంది. ఏదైనా జరుగుతుంటే నన్ను అడుగుతుంది.

"మూర్తీ, పాప వేడి గిన్నె దగ్గరుంది. ఇది భయపడాల్సిందేనా?"

"అవును, లాగు."

"స్టూలు ఎక్కింది. ఇది?"

"ఇది పర్లేదు. చూస్తూ ఉండు."

వాన వస్తుందా అని అడిగినట్టు ఉంటుంది ఆ గొంతు. ఇరవై ఏళ్లుగా మనుషులకి భయపడాల్సిందేమీ లేదని చెప్పిన మనిషి ఇలా అడుగుతుంటే, నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. నా భయం నీకిచ్చేస్తాను, కుర్చీలో కూర్చో అని ఒకసారి అన్నాను. ఒప్పుకోలేదు. "ఒకరికైనా ఉండాలి కదా" అంది. అప్పట్నుంచి వాళ్లిద్దర్నీ ఒంటరిగా వదల్లేదు. నేను లేకపోతే మా అమ్మ ఉండేది. నిద్రలో కూడా ఒక చెవి పాప గది వైపే. ఇద్దరి భయం ఒక్కడు పడాలంటే మామూలు సంగతి కాదు, మనిషి సగమైపోతాడు. నేను సగమయ్యాను.

నిన్న తుపాను హెచ్చరికని బడికి సెలవిచ్చారు. మా అమ్మ అక్కవాళ్లింట్లో ఇరుక్కుపోయింది. క్లినిక్కులోకి నీళ్లొస్తున్నాయని వాచ్‌మన్ ఫోన్ చేస్తే, యంత్రం కరెంటు తీసేసి వద్దామని, అరగంటలో వస్తానని వెళ్లాను. తలుపులు వేసుకోండని ఇద్దరికీ చెప్పి మరీ వెళ్లాను. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి తీగలు పీకుతుంటే ఫోన్ మోగింది.

"మూర్తీ, ఒకటి అడగాలి" అంది కాత్యాయని. గాలి హోరులో ఆమె గొంతు నిదానంగా ఉంది. "పాప వాన చూస్తానంటే మేడ మీదకి తీసుకొచ్చాను. పిట్టగోడ ఎక్కి కూర్చుంది. కాళ్లు బయటికి పెట్టి ఊపుతోంది. గోడ జారుడుగా ఉంది. ఇది భయపడాల్సిందేనా?"

మా ఇల్లు మూడో అంతస్తు. ఫోన్లోకి అరిచాను. "పట్టుకో, లోపలికి లాగు, పట్టుకో! నేను వచ్చేదాకా వదలకు! చచ్చినా వదలకు!"

"సరే" అంది.

ఫోన్ పెట్టెయ్యకుండా అలాగే జేబులో వేసుకుని స్కూటరు తీశాను. రోడ్డు కనిపించడం లేదు. విరిగిన కొమ్మలు, హోర్డింగు ముక్కలు. జేబులోంచి గాలి చప్పుడు, దాని కింద ధాత్రి ఏడుపు. ఏడుస్తోందంటే ఉంది. ఉంది, ఉంది అనుకుంటూ నడిపాను. ఒకచోట పడ్డాను, లేచాను. ఏడుపు ఆగినప్పుడల్లా నా ఊపిరి ఆగింది. మళ్లీ వినిపిస్తే నేనూ ఏడ్చాను.

మెట్లు ఎలా ఎక్కానో. మేడ మధ్యలో, పిట్టగోడకి బాగా దూరంగా, కాత్యాయని వానలో నిలబడి ఉంది. రెండు చేతులతో ధాత్రి చెయ్యి పట్టుకుని ఉంది. పాప నేల మీద చతికిలబడి, పెదవులు నీలంగా, వెక్కుతోంది. అమ్మ వేళ్లు బిగిసిన చోట ఆ చిన్న చెయ్యి కమిలి ఉబ్బిపోయింది.

"నాన్నా, నొప్పి" అంది నన్ను చూసి. "అమ్మని వదలమను."

"ఏడుస్తూనే ఉంది" అంది కాత్యాయని. ఆమె జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. "నొప్పని తెలుస్తూనే ఉంది మూర్తీ. కానీ వదిలితే ఏమవుతుందో, ఏది పెద్దదో, నాకు అంతుపట్టలేదు. నువ్వు వదలకన్నావు కదా." నా మొహంలోకి చూసింది, జవాబు అక్కడ రాసి ఉన్నట్టు. "ఇక వదలొచ్చా?"

వదలొచ్చని చెప్పాలి. గోడ ఎంతో దూరంలో ఉంది, నేను పక్కనే ఉన్నాను, పాప చెయ్యి విరిగేలా ఉంది. అన్నీ కనిపిస్తున్నాయి. అయినా, వదిలితే ఏమవుతుందోనని, ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.